అత్తయ్య పెరుగు గిన్నెను కాల్చుట గురించి

క్రెడిట్లను మంజూరు చేయువారును, నిరాకరించువారును, ఒక కళాశాలలో చదివిన చదువు మరొక కళాశాలలో చదువేనా కాదా అని తేల్చువారును, పేర్లు తెలియకపోయినా సంతకాలు సుపరిచితములైన సమస్త అధికారుల సముఖమునకు, మిషిగన్ రాష్ట్రం నోవై పట్టణ నివాసియు, ఒక విద్యార్థినికి మేనల్లుడును అయిన నేను సవినయముగా తెలియజేయునది: తమ రికార్డులలో "ప్రస్తుతం నమోదులో లేరు" అని గుర్తింపబడిన సదరు విద్యార్థిని మా మేనత్త. సెమిస్టరు ముగియడానికి కొన్ని వారాల ముందు ఆమె కాలధర్మం చెందింది. తరగతికి రాకపోవడానికి కారణం అదే తప్ప అశ్రద్ధ కాదు.

ఇక పాఠకులకు విడిగా మనవి.

ఆ ఉదయం నేను కారు మీది మంచు గీకుతూ ఉండగా మామయ్య ఫోన్ చేశాడు. "మీ అత్తయ్య లేవడం లేదురా," అన్నాడు, ఆమెకు క్లాసు టైమైపోతోందని నాకు ఫిర్యాదు చేస్తున్నట్టుగా. నేను వెళ్ళేసరికి అంబులెన్స్ వచ్చి ఉంది. వాళ్ళకు చేయడానికి పనేమీ మిగలలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

మధ్యాహ్నానికి వార్త మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకు చేరింది. ఒక కార్‌పూల్ అభ్యర్థనకూ, ఎవరో అమ్మదలచిన స్నో టైర్ల ఫొటోకూ నడుమ సంతాపాలు వరుసగా వచ్చాయి. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, దాని కింద ఇలా అడిగారు: "అయ్యో, మరి ఆంటీ డిగ్రీ అయిపోయిందా?"

ఆ ప్రశ్నను ఎవరూ తప్పుపట్టలేదు. నేనూ పట్టలేదు. అడగగలిగితే అత్తయ్య కూడా ముందు అదే అడిగి ఉండేది. జవాబు: కాలేదు. ఒక్క కోర్సు మిగిలింది. ఆ కోర్సులో ఒక్క గిన్నె మిగిలింది.

అత్తయ్య ఇంటర్మీడియెట్ పాసై, డిగ్రీలో చేరదామనుకున్న వేసవిలోనే పెళ్ళయింది. మామయ్య కార్ల కంపెనీలో ఇంజనీరు. బ్రేకులు ఆయన ప్రత్యేక విషయం. ఆమె ఈ మంచులోకి వచ్చి, డ్రైవింగ్ నేర్చుకుని, కొడుకును బడికీ, ఈతకూ, చదరంగానికీ, చివరికి యూనివర్సిటీకీ దింపి వచ్చింది. కొడుకు, అంటే మా బావ, ఉద్యోగం దొరికి టెక్సస్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మామయ్య రిటైరై ఇంటికి వచ్చాడు. ఆయన ఇంటికి వచ్చిన సంవత్సరమే ఈమె కమ్యూనిటీ కాలేజీలో చేరింది. ఈ రెండు సంఘటనల మధ్య సంబంధం ఉన్నట్టు ఋజువులేవీ లేవు.

ఆమె ఎంచుకున్నది జనరల్ స్టడీస్ అనే అసోసియేట్ డిగ్రీ. పేరుకు రెండేళ్ళది, నిదానంగా ఎన్నేళ్ళయినా చదువుకోవచ్చు. దాని నియమం సులభం. ఇంగ్లీషు, గణితం, విజ్ఞానం, సమాజం, కళలు అని గుంపులుంటాయి. ఒక్కో గుంపు నుంచి కొన్ని కోర్సులు తీసుకోవాలి. ఏవి తీసుకోవాలన్నది విద్యార్థి ఇష్టం. ఈ చివరి మాట మా వాళ్ళను తీవ్రంగా కలవరపెట్టింది. ఇష్టం వచ్చింది చదువుకోవచ్చునని నిబంధనలలోనే రాసి ఉన్న సందర్భం మా సమాజానికి పూర్వానుభవంలో లేదు. కనుక ఒక శనివారం, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో, అత్తయ్యకు ఏది ఇష్టమో నిర్ణయించడానికి సభ సమావేశమైంది.

మామయ్య లాప్‌టాప్ తెరిచి స్ప్రెడ్‌షీట్ చూపించాడు. "ఇదిగో, అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, ఎక్సెల్. మూడు సెమిస్టర్లలో మాగ్జిమమ్ కవరవుతాయి."

"ఎవరికి కవరవుతాయండీ?" అంది అత్తయ్య, పులిహోర వడ్డిస్తూ.

"నీకేనోయ్."

"నేను జియాలజీ అనుకున్నాను."

మామయ్య స్నేహితుడొకాయన, కరీంనగర్ వైపు నుంచి వచ్చినాయన, ప్లేటు పక్కన పెట్టేశాడు. "గదేంది వదినా, రాళ్ళ మీద కోర్సా? మంచిగ స్టాటిస్టిక్స్ తీస్కోండ్రి. ఏ యూనివర్సిటీకన్నా ట్రాన్స్‌ఫర్ అయితది."

ట్రాన్స్‌ఫర్ అవుతుందా అన్నది మాలో కోర్సులకు పెట్టే మొదటి పరీక్ష. మరొక చోటికి తీసుకుపోలేని చదువును మేము చదువుగా గుర్తించము.

"ఈ వయసులో నేను ట్రాన్స్‌ఫర్ అయ్యేది ఒక్కచోటికే అన్నయ్యగారూ," అంది అత్తయ్య. "అక్కడ స్టాటిస్టిక్స్ అడుగుతారంటారా?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మామయ్య. ఆ నవ్వు ఇప్పుడు ఆయనకు గుర్తుందో లేదో నేను అడగలేదు.

కాలేజీలో కౌన్సెలర్‌ను కలవడానికి నన్ను తోడు తీసుకువెళ్ళింది. కారు మాత్రం తనే నడిపింది. నా డ్రైవింగ్ మీద ఆమెకు నమ్మకం లేదు. దారిలో తన పద్ధతి వివరించింది.

"చూడరా, వాళ్ళిచ్చిన ఆ గుంపులన్నీ చూశాను. ఇది విస్తరి వేసి వడ్డించడమేరా. ఇంగ్లీషు అన్నం, తప్పదు. లెక్కలు కాకరకాయ, ఒంటికి మంచిది. రాళ్ళు, సోషియాలజీ పప్పూ కూరా. మాట్లాడే క్లాసొకటుందిట, అది పచ్చడి. అన్నీ కొంచెం కొంచెం పడాలి. ఒక్క లడ్డూలే పది తింటే దాన్ని భోజనం అనరు, రోగం అంటారు."

"మరి కళల గుంపులో?"

"సిరామిక్స్. మట్టితో గిన్నెలు చేస్తారు. అది పెరుగన్నం. ఆఖర్న."

"నీకు అన్నిటికంటే అదే ఇష్టం కదా అత్తయ్యా. ముందే తీసుకోవచ్చుగా?"

ఆమె ఎర్ర లైటు దగ్గర ఆగి నా వైపు జాలిగా చూసింది. "పెరుగన్నంతో మొదలుపెట్టేవాళ్ళని ఎక్కడైనా చూశావట్రా?"

చూడలేదు. అందువల్ల ఈ విషయంలో వాదించలేకపోయాను. ఇష్టమైనదాన్ని ఆఖరుకు దాచుకోవడం పెరుగన్నం తినేవాళ్ళు తప్ప మరెవరూ చేయని పొరపాటు, అది నా ఎదురుగానే జరిగింది. కౌన్సెలర్ కూడా అడ్డు చెప్పలేదు. ఈ డిగ్రీలో వరుస విద్యార్థి ఇష్టమేనని ఆవిడ రెండుసార్లు చెప్పింది. అత్తయ్య ఆ మాటను మూడోసారి కూడా చెప్పించుకుంది.

ఆ తర్వాత ఆమె వరుసగా భోంచేసింది. జియాలజీ లాబ్‌కు తన వంటింటి రాతి కల్వాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళింది. ప్రొఫెసర్ భూతద్దంతో చూసి గ్రానైట్ అని తేల్చాడు. ఇంటికి వచ్చి, "పెళ్ళయినప్పట్నుంచీ దీంట్లో దంచుతూనే ఉన్నాను, ఒక్కరోజన్నా పేరడగలేదు," అని దాన్ని కడిగి తుడిచింది. సోషియాలజీ చదివిన సెమిస్టరులో ఇంటిపనుల పంపకం మీద ఇంట్లోనే పరిశీలన జరిపింది. పరిశీలనకు పాత్రుడైన వ్యక్తి ఆ సెమిస్టరు చివరికి కాఫీ పెట్టుకోవడం నేర్చుకున్నాడు. గణితం మామయ్య చెప్పాడు. "ఇంత ఈజీ అయితే నీకెందుకు రావట్లేదు?" అని ఆయన ఒకసారి అన్నాడు. ఆ వారం ఇంట్లో కాకరకాయ కూర తప్ప మరొకటి వండబడలేదు. ఆయన బోధనా పద్ధతిలో గణనీయమైన మార్పు వచ్చింది.

పబ్లిక్ స్పీకింగ్ కోర్సులో ఏదైనా ఒక పని ఎలా చేయాలో నిలబడి వివరించాలి. ఆమె తీసుకున్న అంశం, మిషిగన్ చలికాలంలో పెరుగు తోడుపెట్టడం. పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి చల్లార్చి, తోడు వేసి, ఓవెన్‌లో పెట్టాలి. ఓవెన్ వెలిగించకూడదు, లోపలి లైటు మాత్రం వేసి ఉంచాలి. ఆ చిన్న బల్బు వెచ్చదనమే చాలు. ఇది ఈ దేశంలోని తెలుగు ఇళ్ళన్నిటా నడిచే రహస్య పరిజ్ఞానం. ఆమె దాన్ని ఇరవై మంది అమెరికన్ పిల్లలకు బహిరంగపరిచింది. మర్నాడు ఒక అమ్మాయి తను తోడుపెట్టిన పెరుగు ఫొటో పంపింది, కింద "ఆంటీ, కదిపితే కదలట్లేదు!" అన్న సందేశంతో. ఆ ఫొటో చూపించినంత గర్వంగా అత్తయ్య తన మార్కులు ఎవరికీ చూపించగా నేను చూడలేదు.

ఈ జనవరిలో పెరుగన్నం దగ్గరికి వచ్చింది. "మట్టి పిసకడానికి ట్యూషన్ ఫీజా?" అన్నాడు మామయ్య. "మట్టి పిసికేవాళ్ళు లేకపోతే మీ నోట్లోకి ముద్ద ఏ పాత్రలోంచి వచ్చేదండీ?" అంది ఆమె. వారానికి రెండు పూటలు వెళ్ళి, కోటు చేతుల మీద ఎండిన మట్టితో తిరిగి వచ్చేది. మొదటి గిన్నెలు చక్రం మీదే కూలిపోయాయి. ఒకటి నిలబడింది. దాన్ని ఎలా కాల్చాలో ముందే తీర్మానించుకుంది. లోపల గ్లేజ్ అనే గాజు పూత పూయదట. కాలిన మట్టి కాస్త నీరు పీల్చుకుంటే పెరుగు గట్టిగా ఉంటుందట. "స్టీలు గిన్నెలో తోడుకునేది పెరుగు కాదురా, సర్దుబాటు," అంది నాతో. అది ఆమె నాతో అన్న చివరి సిద్ధాంతం.

దహనం ఇక్కడి పద్ధతిలోనే జరిగింది. ఫ్యూనరల్ హోమ్‌లో పంతులుగారు మంత్రాలు చదివారు. టెక్సస్ నుంచి బావ వచ్చాడు. చివర దహనం మొదలుపెట్టడానికి గోడకున్న బటన్ నొక్కాలి. మామయ్య ముందుకు వచ్చి, "నేను నొక్కనా?" అని అడిగాడు. కొడుకు ఉండగా కొడుకే చేయాలన్నారు పంతులుగారు. మామయ్య సరేనని చేతులు మళ్ళీ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. బావ నొక్కాడు.

రెండు వారాల తర్వాత, లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి నేనూ మామయ్యా కాలేజీకి వెళ్ళాము. కౌన్సెలర్ మమ్మల్ని కూర్చోబెట్టి, చాలా మర్యాదగా మాట్లాడింది. చివరి కోర్సు అసంపూర్ణంగా ఉంది. మరణించినవారికి డిగ్రీ ఇచ్చే విషయం కమిటీ చూస్తుంది. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో కమిటీ నిర్ణయిస్తుంది.

"ఆ గిన్నె ఒకసారి చూడవచ్చా?" అన్నాడు మామయ్య.

సిరామిక్స్ గదిలో టీచరు ఒక అర దగ్గరికి తీసుకువెళ్ళింది. పెరుగు ఫొటో పంపిన అమ్మాయి కూడా అక్కడే, చక్రం దగ్గర ఉంది. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని లేచి నిలబడింది. "అంకుల్, దాని మీది ప్లాస్టిక్ కవర్ రోజూ నేనే కొంచెం కొంచెం తీశాను," అంది ఇంగ్లీషులో. "ఒక్కసారిగా ఆరితే పగులుతుందని ఆంటీ భయపడేది."

గిన్నె పగలలేదు. బూడిదరంగులో, పూర్తిగా ఆరి, తేలికగా ఉంది. అంచు మీద ఒకచోట ఆమె బొటనవేలు నొక్కుకుపోయిన ముద్ర ఉంది. మామయ్య తన వేలు దానిలో పెట్టబోయి, ఇంకా కాల్చని పచ్చి గిన్నె అని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఆవిడ చేయవలసిన పని అయిపోయింది," అంది టీచరు. "మిగిలింది నిప్పు పనే."

కాని నిప్పుకు నిబంధన ఉంది. నమోదులో ఉన్న విద్యార్థులు స్వయంగా బట్టీ అరలో పెట్టినవే కాల్చాలి. మిగిలినవి సెమిస్టరు ఆఖరున బకెట్టులో వేసి, నీళ్ళు పోసి, మళ్ళీ మట్టిగా కలిపేస్తారు. అత్తయ్య నమోదును కంప్యూటర్ ఆ వారమే తొలగించింది. మినహాయింపు కోరుతూ టీచరు పైకి రాసింది. పై నుంచి జవాబు రాలేదు.

మామయ్య గదిలో మూలనున్న ఎలక్ట్రిక్ బట్టీ చుట్టూ ఒకసారి తిరిగాడు, జీవితమంతా యంత్రాలను చూసినట్టే. "దీన్ని ఎలా స్టార్ట్ చేస్తారు?" అని అడిగాడు.

"ప్రోగ్రామ్ పెట్టి, ఈ బటన్ నొక్కుతాం," అంది టీచరు.

ఆయన ఆ బటన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, "ఇది నొక్కడానికి కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా," అన్నాడు తెలుగులో, ఎవరితోనో తెలియకుండా. కారులో నాతో అన్నాడు: "డిగ్రీ సంగతి వదిలేయరా. విస్తరి ముందు నుంచి మధ్యలో లేచిందన్న మాట రాకుండా చూడు."

అలా చూడవలసిన బాధ్యత నామీద పడినందున, పై వాస్తవములను పురస్కరించుకుని, ఈ దిగువ డిమాండు విధివిధానముగా దాఖలు చేయడమైనది.

డిమాండు సంఖ్య 1. సదరు విద్యార్థిని చేసిన పచ్చి గిన్నెను బకెట్టులో వేయక, సెమిస్టరు ముగియులోగా బట్టీలో పెట్టి కాల్చవలెను. అంచున ఉన్న బొటనవేలి ముద్రను లోపముగా పరిగణించరాదు. బటన్ నొక్కుటకు ఆమె భర్తను అనుమతింపవలెను. డిగ్రీ విషయము తమరు తీరికగా తేల్చుకొనవచ్చును. గిన్నె విషయములో మాత్రము జాప్యము తగదు. ఏలయనగా మా మామయ్య పాలు కాచి, వేలు పెట్టి చూసి, తోడు దగ్గర పెట్టుకుని, ఖాళీ ఓవెన్‌లో లైటు వేసి కూర్చున్నాడు.