తడిసిన హార్డ్ డిస్క్

చి. శేషుకి, నా చేతిరాత వంకర, తప్పులు కూడా ఎక్కువే. పెదనాన్న మీద విసుక్కోకుండా చదువు.

ఈ రోజు నూజివీడులో మామిడికాయల షావుకారు గారి ఆఫీసుకు పూజకు వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌కు కొత్తగా హార్డ్ డిస్క్ పెట్టించారు. ఇక ఫ్లాపీలు మార్చే పని లేదని, సీజను లెక్కలన్నీ అందులోనే ఉంటాయని ఆయన్ని ఒప్పించింది దాని మీద పనిచేసే మైలవరం అమ్మాయి పద్మ. వాళ్లింటికి ఆ పిల్ల జీతమే ఆధారం.

కంప్యూటర్ పెట్టె మూత ఇంకా బిగించలేదు. నేను కలశంలో మామిడాకు ముంచి పైపైన చల్లాను.

“లోపల కూడా చల్లండి పంతులుగారూ, పనిచేసేది లోపలేగా!” అన్నారు షావుకారు.

“వద్దండీ, కరెంటు ఉందండీ” అంది పద్మ.

“శుభమా అని పూజ చేయిస్తుంటే వద్దంటావేంటమ్మా?” అన్నారాయన.

నేను చల్లాను. చిటపటమంది, పొగ వచ్చింది, తెర నల్లబడింది.

“పనికిరాని డబ్బా కొనిపించావు. రేపట్నుంచి రాకు” అని ఆయన పద్మనే తిట్టారు. ఆ పిల్ల టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. నా నీళ్ల వల్లేనండీ అని చెప్పకుండానే కలశం సర్దుకుని వచ్చేశాను. ఎన్ని లారీలకు, ఎన్ని మరలకు పూజ చేశానో! అవన్నీ నా నీళ్లు తట్టుకున్నాయి.

నువ్వు బెజవాడలో కంప్యూటర్లు బాగుచేసేవాడివి. తప్పు నీళ్లదీ నాదీ, పద్మది కాదని ఒక కార్డు ముక్క రాయి. నేను చెప్పలేనిది ఆయన చేతిలో పెడతాను. ఆ పిల్ల కుర్చీలో ఇంకొకరు కూర్చోకముందే నీ జవాబు రావాలి నాయనా.