మెరుపు మర ముందు ప్రార్థన

ఈ రోజు ఇంటిల్లిపాదీ పడవెక్కి రాజమండ్రి మిషను బడిలో పెట్టిన శాస్త్ర వింతలు చూడటానికి వెళ్లాం. చెల్లెలు రూతు, తమ్ముడు యోహాను మాట పట్టింపుతో రెండు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. పడవలోనూ చెరో కొసన కూర్చున్నారు.

అక్కడ మెరుపు పుట్టించే మర ఉంది. "అందరూ చేతులు కలిపి నిలబడండి. రెండు చివర్లా ఉన్నవాళ్లు ఈ పిడులు పట్టుకోండి" అన్నారు మాస్టారు. వాళ్లిద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది నేనే. చేతులు కలవగానే ఇంట్లో ప్రార్థన చేసే అలవాటుకొద్దీ అందరం తలలు వంచి కళ్లు మూసుకున్నాం.

"ప్రభువా, వీళ్లిద్దరినీ..." అని నేను అంటుండగానే మాస్టారు మర తిప్పారు. ఒళ్లు ఝల్లుమని అందరం ఎగిరిపడ్డాం.

"అమ్మో! ఒరే తమ్ముడూ, నీకూ తగిలిందేంట్రా?" అంది రూతు.

"తగిలిందే అక్కా! పెద్దక్క ప్రార్థనకి ఇంత జోరుందని తెలీదు."

తిరుగు పడవలో ఇద్దరూ ఒకచోటే కూర్చుని నవ్వుతూనే ఉన్నారు. నేనింకా ఆమేన్ అననేలేదు. మీలో ఎవరికైనా జవాబు ఇంత తొందరగా వచ్చిందా?