ఆనందబాబు గారి వెరీ వెరీ అర్జీలు

అండమాన్‌లోని మా మాయాబందర్‌లో ఇంగ్లీషు అర్జీ కావాలంటే రిటైర్డు టీచరు ఆనందబాబు గారి దగ్గరికే వెళ్ళాలి. ఒక్కటే చిక్కు. ఏ మాటకైనా ముందు ‘వెరీ’ తగిలించకుండా ఆయన కలం కదలదు. ఒక్క ‘వెరీ’ అయితే పిసినారితనమట. కనీసం రెండుండాలి, వెనకాల ‘ఎక్స్‌ట్రీమ్లీ’ కాపలా కాయాలి.

పోర్ట్ బ్లెయిర్ హెలికాప్టర్‌లో సీటు కోసం ఆయన రాసే అర్జీలన్నీ వచ్చి పడేది సీట్లిచ్చే ఆఫీసులో గుమాస్తానైన నా బల్ల మీదే. యేసు కుమార్ చెల్లెలి పెళ్ళికి ‘మై సిస్టర్ ఈజ్ అబ్సొల్యూట్లీ మ్యారీయింగ్’ అని రాశారు. గవరయ్య వాళ్ళ తాత పోతే ‘కంప్లీట్లీ డెడ్’ అన్నారు.

ఉండబట్టలేక అడిగాను. “చావులో సగం, ముప్పావు ఉంటాయా అంకుల్?”

“అరే భయ్యా! ఒట్టి ‘డెడ్’ అంటే నీకేటనిపిస్తాది? రోజూ ఎవుడో ఒకడు పోతాడు. గవరయ్యకి తాత ఒక్కడే కదా!”

రాసింది తెలుగులో చదివి వినిపించడం ఆయన అలవాటు. “ఘోరాతిఘోరమైన పంటినొప్పి” అనగానే, అర్జీ రాయించుకోవడానికి వెళ్ళిన పద్మిని “అదేనండీ, సరిగ్గా అదే!” అని సగం నొప్పి అక్కడే వదిలేసి వచ్చింది. నేను మాత్రం ఎర్ర పెన్సిల్‌తో వెరీలన్నీ కొట్టేసి, మిగిలింది చదివేవాణ్ణి. మిగిలేది తక్కువే.

మొన్న వానాకాలం ఓడలు ఆగిపోయాయి. మర్నాటి హెలికాప్టర్‌లో ఒక్క సీటుంది, అర్జీలు పదకొండు. కాసులమ్మ అర్జీ దగ్గర నా పెన్సిల్‌కి పని దొరకలేదు. ‘ఎడమ కంటికి ఆపరేషన్ చేయాలి. డాక్టరు చీటీ జతపరిచాను. సీటు ఇప్పించండి.’ అంతే! కాగితం తిరగేసి చూశాను. ఒక్క వెరీ కూడా లేదు. వెరీలకు కూడా అందని కష్టం కాబోలనుకున్నాను. గబగబా డాక్టరు చీటీ తీశాను. ఒక్కరోజు ఆలస్యమైనా చూపు పోతుందని ఉంది.

ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను. “ఆనందబాబు రాసిందా? ఏక్ భీ వెరీ నహీ?” అంటూ ఆయన నిలబడే సంతకం పెట్టేశాడు.

సాయంత్రం అడిగాను. “మమ్మల్ని హడలగొట్టడానికేనా అంకుల్?”

“మీకోసం కాదు భయ్యా. రాసింది ఆవిడికి సదివి ఇనిపించాల కదా. పంటినొప్పోళ్ళకి పెద్ద మాట సెప్తే, మన కష్టం ఒకడైనా లెక్కలోకి తీసుకున్నాడని ధైర్యం. కాసులమ్మ అప్పటికే వణికిపోతంది. అందుకే సిన్న పనే అన్నట్టు రాసీసినాను. మిగతాది డాక్టరు సీటీ సెప్తాది.”

ఇన్నేళ్ళూ ఆ వెరీలు నాకోసమే అనుకుని కొట్టేసినందుకు సిగ్గేసింది.

నెల తర్వాత కాసులమ్మ నల్లకళ్ళద్దాలతో వచ్చి, కృతజ్ఞతల ఉత్తరం నా చేతికిచ్చింది. ‘కాసులమ్మ ఈజ్ వెరీ వెరీ వెరీ ఎక్స్‌ట్రీమ్లీ సీయింగ్’ అని మొదలైంది. పెన్సిల్ సొరుగులో పడేసి, ఒక్క మాటా వదలకుండా పైకి చదివాను.

కాసులమ్మ మాత్రం పెదవి విరిచింది. “ఇంకో రెండు వెరీలు ఎయ్యమన్నాను బాబూ. కాగితంలో జాగా లేదన్నాడు.”