ఇన్‌ఫార్మెంట్ భద్రు

త్రిపురారం దాటి కాలువ గట్టు మీద కొంచెం దూరం నడిస్తే వచ్చే తండాలో డిగ్రీ చదివిన మొదటివాడు భద్రు. మిర్యాలగూడలో బి.ఏ. పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క, రెండేళ్ళు ఒక రైసు మిల్లులో కాటా దగ్గర నిలబడ్డాడు. ఒంటి నిండా ఊక దుమ్ము, ముక్కులో ఎప్పుడూ దురద. అలాంటి రోజుల్లో, 1989 వేసవిలో, మిల్లులో మిర్చి బజ్జీలు కట్టి తెచ్చిన పేపరు ముక్కలో అతనికొక ప్రకటన కనిపించింది. హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయం లంబాడీ భాషకు నిఘంటువు తయారు చేస్తుందట. రీసెర్చ్ అసిస్టెంట్లు కావాలట.

భద్రు ఆ ముక్కను నాలుగుసార్లు చదివాడు. బడిలో ఆ భాష మాట్లాడినందుకు చెయ్యి చాపించి కొట్టిన పంతులు గుర్తొచ్చాడు. ఆ మాటలకే ఇప్పుడు నిఘంటువా? నూనె మరకల కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ అతన్ని లంబాడీలో ఏదైనా చెప్పమన్నాడు. భద్రు తన తాత ఎద్దు తప్పిపోయిన కథ చెప్పాడు. ప్రొఫెసర్ కళ్ళు మూసుకుని విని, "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. భద్రు గాల్లో తేలుతున్నట్టు బయటికొచ్చాడు. అక్కడ దశరథ అనే గుమాస్తా అతన్ని బల్ల దగ్గరికి పిలిచాడు. ఆయనది సూర్యాపేట వైపే.

"సూడు తమ్మీ, రీసెర్చ్ అసోసియేట్‌కు పీహెచ్‌డీ గావాలె. రీసెర్చ్ అసిస్టెంట్‌కు ఎం.ఏ. గావాలె. ప్రాజెక్ట్ అసిస్టెంట్ పోస్టు ఒక్కటే ఉండె, దాంట్ల ఇప్పటికే ఒకాయన కూసున్నడు. నీకు మిగిలింది గిదొక్కటే, లాంగ్వేజ్ ఇన్‌ఫార్మెంట్. ఆరు నెల్లకోపారి పొడిగిస్తరు."

"అంటే ఏం పని సార్?"

"పని అందరిదీ ఒక్కటే. పేరే వేరు" అన్నాడు దశరథ.

పేరుతో పనేముందని భద్రు సంతకం పెట్టేశాడు.

నిజంగానే పేరుతో పని లేకుండా ఏడాది గడిచింది. భుజానికి టేపురికార్డరు, సంచిలో క్యాసెట్లు, అట్ట చీటీలు. త్రిపురారం చుట్టుపట్ల తండాలు, మోతె వైపు తండాలు, కోదాడ దాటి అనంతగిరి వైపు తండాలు. ఒక్కో చీటీ మీద ఒక్క మాట, దాని అర్థం, చెప్పిన మనిషి పేరు. నెలకోసారి ప్రొఫెసర్ మిర్యాలగూడకు వచ్చి చీటీలన్నీ ముందేసుకుని కూర్చునేవాడు.

అన్నిటికంటే ఎక్కువ మాటలు ఇచ్చింది భద్రు తండాలోనే ఉన్న ముసలావిడ మోతీబాయి. ఆమె నాయనమ్మ కాలంలో వాళ్ళ మనుషులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగారు. గోనె బిగించే తాడుకు ఒక మాట, ఆ తాడు సడలితే ఒక మాట, ముందు నడిచే ఎద్దుకు ఒకటి, అలిసి వెనకబడే ఎద్దుకు మరొకటి. ఇవన్నీ ఆమె నోట్లో ఉన్నాయి. ఆమె చెప్పడం పూర్తి కాకముందే భద్రు రాయబోతే కసిరేది. "ఫస్టు నా నోరు సూడు. కాయితం ఎటూ పోదు."

భద్రు భార్య సాలిది అనంతగిరి వైపు తండా. ఆమెకు చదువు రాదు గానీ సాయంత్రం అతను చీటీలు చదువుతుంటే, "గట్ల గాదు, మా దిక్కు గిట్లంటం" అని సరిదిద్దేది. ఆ మాట కోసం భద్రు మరో చీటీ తీసేవాడు. తనకు వచ్చనుకున్న భాషలో సగం తనకు రాదని అతనికి అప్పుడే తెలిసింది. అలా తెలియడం అతనికి బాగుండేది కూడా.

ఆ రోజులు మంచివి కావు. అడవి దిక్కు నుంచి అన్నలు వచ్చిపోతున్నారని ఊళ్ళలో అనుకునేవారు. పోలీసులు ఎక్కడపడితే అక్కడ బస్సులు ఆపి సంచులు వెతికేవారు. పోలీసులకు కబుర్లు మోసేవాణ్ణి ఇన్‌ఫార్మర్ అనేవారు. ఆ పేరు పడిన మనిషి బతకడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. దారిలో ఎవరైనా ఆపితే చూపించుకొమ్మని ప్రొఫెసర్ భద్రుకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసిచ్చాడు. దాని మీద యూనివర్సిటీ ముద్ర ఉంది. భద్రు పేరుంది. పేరు పక్కన హోదా ఉంది.

1990 నవంబరులో అనంతగిరి నుంచి వస్తుంటే కోదాడ దాటాక బస్సు ఆపారు. టేపురికార్డరు చూసి భద్రును దింపి, రోడ్డు పక్కనే ఉన్న స్టేషన్‌కు తీసుకెళ్ళారు. ఎస్సై ఆ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాడు.

"ఏంటయ్యా ఇది, ఇన్‌ఫార్మెంటా? ఎవరికి?"

"యూనివర్సిటీకి సార్. మా భాష మాటలు చెప్త."

"తండాలన్నీ తిరుగుతావు. అందరూ నీతో మాట్లాడతారు. రికార్డు కూడా చేస్తావు. ఇంకేం కావాలి? మాకూ రెండు ముక్కలు చెబుతుండు."

"గా పని నాతోని గాదు సార్" అన్నాడు భద్రు.

ఎస్సై కోప్పడలేదు. చాయ్ తెప్పించాడు. అరుగు మీద బెంచీ చూపించి కూర్చోమన్నాడు. పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి, "ఆలోచించుకో, తొందరేం లేదు" అన్నాడు. అదే సమయానికి వెనక వచ్చిన బస్సును కూడా పోలీసులు ఆపారు. అందులో కిటికీ పక్కన తండా మనిషి లింగ్యా ఉన్నాడు. అతను అంతా చూశాడు. భద్రు మాత్రం అతన్ని చూడలేదు.

రెండు గంటల తర్వాత వదిలేశారు. ఇంటికి వచ్చి భద్రు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సాలికి కూడా చెప్పలేదు. ఆమె భయపడుతుందనుకున్నాడు.

పది రోజులకు పోలీసులు తండాకు వచ్చి, పొలంలో నీళ్ళు కడుతున్న భీమ్లాను పట్టుకుపోయారు. ఎవరికో అన్నం పెట్టాడని నేరం. నాలుగో రోజు వదిలారు. అరికాళ్ళు వాచి నడవలేక, ఇద్దరి భుజాల మీద ఊగుతూ వచ్చాడు. అప్పుడు లింగ్యా నోరు విప్పాడు. భద్రు చాయ్ తాగిన సంగతి ఇంటింటికీ పాకింది. భద్రు చూపించుకు తిరిగే ఉత్తరాన్ని ఒకసారి చదివిన రేషన్ డీలరు, "ఇన్‌ఫార్మెంట్ అన్నా ఇన్‌ఫార్మర్ అన్నా ఒక్కటే" అని తేల్చేశాడు.

సాలి బోరింగు దగ్గరికి పోతే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి. బిందె నింపుకుని పది అడుగులు వేశాక మళ్ళీ మొదలయ్యేవి. పాట చెప్తానని రమ్మన్న ముసలాయన, భద్రు వెళ్ళేసరికి ఒంట్లో బాగా లేదని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు పొద్దున బడి గోడ మీద ఎర్ర అక్షరాలతో ఒక కాగితం అంటించి ఉంది. "ఈ తండాలో ఇన్‌ఫార్మర్ ఎవరో మాకు తెలుసు." పేరు లేదు. పేరు అవసరం కూడా లేదు.

భద్రు ఆ రోజే హైదరాబాదు బస్సెక్కాడు. ప్రొఫెసర్ ఓపికగా విన్నాడు.

"భద్రూ, ఆ మాటలో తప్పేమీ లేదు. భాష చెప్పే మనిషిని మా శాస్త్రంలో అలాగే అంటారు. ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది."

"మీ పుస్తకంల ఉంటది సార్. మా బడి గోడ మీద గుడ ఉన్నది."

ప్రొఫెసర్ ముఖం పాలిపోయింది. దశరథను పిలిచాడు. ప్రాజెక్టుకు నిధులిచ్చే వాళ్ళు ఒప్పుకుంటే గాని హోదా మారదు, దానికి ఐదారు నెలలు పడుతుందని దశరథ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. తన బల్ల దగ్గరికి వెళ్ళి తెలుగు మిషన్ మీద నాలుగు వరుసలు టైపు కొట్టి తెచ్చాడు. భద్రు తమ దగ్గర 'భాషా సహాయకుడి'గా పనిచేస్తున్నాడని, మాటలు సేకరించడమే అతని పని అని అందులో ఉంది.

ప్రొఫెసర్ పెన్ను తీశాడు. మళ్ళీ మూత పెట్టాడు.

"ఈ పేరుతో మన దగ్గర పోస్టే లేదు దశరథా. రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పాలి? కమిటీలో పెడదాం."

"అప్పటిదాంక నేను ఉంటనో లేదో సార్" అన్నాడు భద్రు. ప్రొఫెసర్ ఆ కాగితాన్ని దశరథ చేతికి తిరిగిచ్చేశాడు. దశరథ మెట్ల దాకా వచ్చి, "ఆయన చెడ్డోడు గాదు తమ్మీ. సంతకమంటెనే ఆయనకు భయం" అన్నాడు. భద్రు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి సాలి ముందు కూలబడి, స్టేషన్‌లో జరిగిందంతా మొదటిసారి చెప్పాడు. సాలి అంతా విని అడిగింది.

"గా పొద్దే నాకు జెప్తె ఏమయితుండె? అందరికీ జెప్తె ఏమయితుండె? చాయ్ తాగుడు తప్పు గాదు. దాసిపెట్టినవ్ సూడు, గదే తప్పయింది."

తెల్లవారగానే ఆమె ఒక్కతే తండా నాయక్ ఫకీరా ఇంటికి వెళ్ళింది. "మామా, అందర్నీ పిలువు. మా ఆయన ఏం రికార్డు జేసిండో అందరు వినుండ్రి. విన్నంక ఏమన్న అనుండ్రి" అంది.

ఫకీరా వాకిట్లో పొద్దున్నే అందరూ కూడారు. భీమ్లా మంచం మీద కూర్చున్నాడు. భద్రు మొదట స్టేషన్ సంగతి దాచకుండా చెప్పాడు. తర్వాత క్యాసెట్లు కుప్పగా పోసి, "ఏది బెట్టమంటె గది బెడ్త" అన్నాడు. ఎవరో ఒకటి తీశారు. మోతీబాయి గొంతు ఎద్దుల పేర్లు వరుసగా చెప్పింది. ఇంకొకటి తీశారు, వానల గురించి సామెతలు. మూడోది ఒక ఆడమనిషి పాట. అత్తగారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడే ఢావ్లో. రెండు చరణాలు కాకముందే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ గొంతు భీమ్లా తల్లి జమ్లీది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది.

పాట అయిపోయింది. "ఇంకోపారి పెట్టు" అన్నాడు భీమ్లా. భద్రు పెట్టాడు. భీమ్లా తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"నన్ను ఎవరు పట్టిచ్చిండ్రో నాకు తెల్వది. నువ్వని అనను. నువ్వు గాదని గుడ అనలేను భద్రూ."

మోతీబాయి కర్ర పట్టుకుని లేచింది. "గా మాటలన్ని జెప్పింది నేను. గదే నేరమైతె నా పేరు గుడ గోడ మీద రాయుండ్రి. రాసేటోనికి నా పేరు తెల్వకుంటె నేనే పొయ్యి జెప్తా." ఎవరూ ఆమె వైపు చూడలేదు.

చివరికి ఫకీరా గొంతు సవరించుకున్నాడు. "మేం నమ్ముతం బిడ్డా. గానీ గోడ మీద రాసినోడు గీడికొచ్చి టేపు వినడు గదా. నీ వల్ల ఇంకొకనికి ఏమన్న అయితె తండా ఆగం అయితది. గా నౌకరన్న వదులు, తండానన్న వదులు."

భద్రు ఉద్యోగం వదిలాడు. టేపురికార్డరు, నలభై మూడు క్యాసెట్లు, ఆరువేల పైన చీటీలు రెండు గోనె సంచుల్లో వేసుకుని వెళ్ళి దశరథకు అప్పజెప్పాడు. ప్రొఫెసర్ ఆ రోజు ఊళ్ళో లేడు. రసీదు మీద మళ్ళీ అదే హోదా రాయబోతున్న దశరథ ఆగి, ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

ఎవరూ అతన్ని వెతుక్కుంటూ రాలేదు. గోడ మీది కాగితం వానకు నాని రాలిపోయింది. దాన్ని ఎవరు అంటించారో ఎప్పటికీ తెలియలేదు. అయినా బోరింగు దగ్గర మాటలు ఆగడం ఆగలేదు. మూడు నెలలు ఓర్చుకుని, ఉద్యోగం వదిలిన భద్రు తండానూ వదిలాడు.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే పని దొరికింది. పార్ట్‌టైం లెక్చరర్. జూన్‌లో పిలుస్తారు, మార్చిలో వద్దంటారు. ఏప్రిల్, మే నెలల్లో అతను ట్యూషన్లు చెప్పేవాడు, సాలి జాకెట్లు కుట్టేది. వెనక వీధిలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఇరుగుపొరుగుకు తాము ఎక్కడివాళ్ళమో సాలి చెప్పేది కాదు. ఇంట్లో కూడా గొంతు తగ్గించి లంబాడీ మాట్లాడేది.

1993 ఎండాకాలంలో ఒకరోజు పొద్దున, మిర్యాలగూడ బస్సు దిగి అడుగుతూ అడుగుతూ మోతీబాయి వాళ్ళ గది ముందుకు వచ్చింది. నీళ్ళు తాగి గోడకు చేరగిలబడింది. యూనివర్సిటీ నుంచి ఎం.ఏ. చదివిన కొత్త మనిషి తండాకు వస్తున్నాడట. రీసెర్చ్ అసిస్టెంట్ అట.

"మంచోడే పాపం. గానీ మన మాట రాదు. తాడన్నా ముడన్నా ఒక్కటే రాస్తడు. నేను వద్దని పంపిచ్చిన. నువ్వు రాసుకో."

"నాకు గా నౌకరి లేదు యాడీ" అన్నాడు భద్రు, అమ్మను పిలిచినట్టు.

"నౌకరి సంగతి ఎవరడిగిండ్రు? నాకు ఇంకెన్ని రోజులున్నయో. రాస్తవా లేదా?"

భద్రు సాలి వైపు చూశాడు. సాలి చేతిలో కుడుతున్న జాకెట్ అలాగే ఉంది. ఆమె ముఖంలో బడి గోడ కనబడింది అతనికి. వద్దంటుందనుకున్నాడు. ఆమె లేచి, ట్యూషన్ పిల్లలు పరీక్షలకు వాడగా మిగిలిన తెల్లకాగితాల కట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. తర్వాత వీధి తలుపు మూసి గడియ పెట్టింది. కిటికీ రెక్కలు కూడా దగ్గరికి లాగింది.

ఉక్కపోతలో ముగ్గురూ చెమటలు కారుతూ కూర్చున్నారు. మోతీబాయి చెప్పింది. భద్రు రాశాడు. మధ్యాహ్నానికి ముప్పై మాటలయ్యాయి. అన్నం వడ్డించడానికి సాలి లేచింది గానీ, తలుపు మాత్రం తియ్యలేదు.