ఏం గాదు, ఉత్త గడ్డనే

మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే 1990ల్లో మా బాపు గొంతు రిపోర్టు నా చేతికే వచ్చింది. క్యాన్సర్ అని ఉంది. మా శామీర్‌పేట వైపు రోగికి ఆ మాట చెప్పరు; చెబితే ఆ దిగులుతోనే మనిషి ముందుగా పోతాడంటారు. వాకిట్లో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నవ్వుకుంట జెప్పు బిడ్డా" అంది.

నవ్వుతూనే చెప్పాను. "ఏం గాదు బాపూ, ఉత్త గడ్డనే."

నాలుగు నెలలకు బాపు పోయాడు. కడదాకా నా మాట నమ్మాడు. మంచిపని చేశావని అందరూ అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

కొన్నేళ్లకు అమ్మకు ఎడమ ముక్కు మూసుకుపోయింది. పై పళ్లు సలుపుతున్నాయంటే మేడ్చల్ తీసుకెళ్లి రెండు పళ్లు పీకించాం. రాయిలాంటి పళ్లు! సలుపు పోలేదు సరికదా, చెంప ఉబ్బింది. సిటీలో ముక్కు డాక్టరు స్కానింగ్ తీయించి, ముక్కులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. చెంప ఎముక లోపల గాలి ఉండే గదిలో గడ్డ పెరిగిందట. రిపోర్టు కోసం నేనొక్కదాన్నే వెళ్లాను. క్యాన్సర్ కాదు అనగానే డాక్టరు ముందే ఏడ్చేశాను.

"అలాగని వదిలేయకండి. ఎముకను తోసుకుంటూ పెరుగుతుంది. కన్ను పోకముందే ఆపరేషన్ చేసి తీసేద్దాం" అన్నాడాయన.

బస్సు దిగి దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ దొడ్లో చిక్కుడుకాయలు తెంపుతోంది.

"ఏం గాదమ్మా, ఉత్త గడ్డనే!" అన్నాను, నవ్వు ఆపుకోలేక.

అమ్మ నా మొహం వైపు చాలాసేపు చూసింది. "మంచిగ జెప్పినవ్ బిడ్డా. బాపుకు జెప్పినట్లే జెప్పినవ్" అంది.

ఒట్లు పెట్టాను. డాక్టరుతో చెప్పించాను, "గాయనకు నువ్వే నేర్పి ఉంటవ్" అంది. రిపోర్టు చేతిలో పెడితే, నాకేమన్న చదువొస్తదా అని పక్కకు జరిపింది. మేనమామ వచ్చి, "నిజంగనే ఏం లేదక్కా" అన్నాడు. "మీ బావకు గూడ గిట్లనే అంటివి కదరా" అంది. కోపం ఆగక నోటికొచ్చినట్లు అరిచాను. అమ్మ మాత్రం పట్టుచీరలు తీసి వదినలకు పంచిపెట్టింది.

"కత్తి తగిలితే జల్దీ పోతరు. ఉన్నన్ని దినాలు ఉండనియ్యున్రి."

మూడేళ్లలో ఎడమ కన్ను ముందుకు పొడుచుకొచ్చింది. తర్వాత దాని చూపు పోయింది. నొప్పికి తాళలేక అప్పుడు ఆపరేషన్‌కు ఒప్పుకుంది. గడ్డంతా తీసేశారు. పరీక్షలో మళ్లీ అదే మాట, క్యాన్సర్ కాదని. పోయిన చూపు మాత్రం తిరిగి రాలేదు.

ఏడాది తర్వాత ఒక పొద్దున, నేను తల దువ్వుతుంటే అడిగింది.

"నేనింక సావలే గదా. అంటే గప్పుడు నువ్వు నిజమే జెప్పినవా?"

"అవునమ్మా."

అమ్మ వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది.

"నాకేమెరుక బిడ్డా. గా నవ్వు నీకు నేర్పింది నేనే గద."