మామగారికి చేసిన ఆపిల్ పచ్చడి

మొన్న ఉదయం మా మనవరాలు తన బిడ్డ కోసం ఆపిల్ ముక్కలు ఉడకబెడుతూ, ఫోనులో ఎవరో చెప్పారని అందులో దాల్చినచెక్క వేసింది. ఆ వాసన ముందుగదిలోకి వచ్చేసరికి కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఏమైంది అమ్మమ్మా అని అది అడుగుతుంటే వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను.

మన రోజుల్లో మాచర్ల వైపు పల్లెల్లో ఆపిల్ పండు తినాలని కొనుక్కున్నవాళ్లు ఎవరున్నారు చెప్పండి? మంచాన పడ్డవాళ్లను చూడవచ్చేవాళ్ల చేతిలోనే అది కనిపించేది. మా మామగారికి గొంతులో పుండు పడి, గుంటూరు డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న ఏడాది, వెల్దుర్తి నుంచీ బెల్లంకొండ నుంచీ చుట్టాలు పళ్ల సంచులతో దిగేవారు. పండుమిరప పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషికి కారం మాన్పించి, మెత్తగా ఉడికినదే పెట్టమన్నారు. ఆయనేమో ఆ పళ్లు కంటబడితే చాలు, వీళ్లంతా ఆఖరిచూపుకు వచ్చారని గోడవైపు తిరిగి పడుకునేవారు. జావ ఇచ్చినా నోరు బిగించేవారు. మనిషి రోజురోజుకీ మంచానికి అతుక్కుపోతుంటే మా అత్తగారు కొంగు నోట కుక్కుకుని ఏడ్చేవారు.

చివరికి వంటింటి తలుపు వేసుకుని, ఆ పళ్లకే తొక్కతీసి, తొక్కలు గేదెల కుడితిలో కలిపేసి, ముక్కల్ని బెల్లంతో ఉడికించి పప్పుగుత్తితో మెదిపి, దాల్చినచెక్కా లవంగాలూ దంచిన పొడీ, చిటికెడు శొంఠీ వేసి, పైన నేతిలో జీలకర్ర తాలింపు పెట్టాను. ఆ చిటపట వింటేనైనా పచ్చడే అనుకుంటారని ఆశ. గుమ్మడికాయతో చేశానని చెప్పి భయంభయంగా చెంచా అందిస్తే, ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి నోరు తెరిచారు. మింగుతుంటే కళ్లవెంట నీళ్లు కారాయి, అయినా గిన్నె ఖాళీ చేశారు. అప్పటినుంచీ రోజూ అదే తిండి. నా తెలివికి నేనే లోలోపల మురిసిపోయాను కూడా.

ఒకరోజు పెదకూరపాడు నుంచి ఆయన మేనల్లుడు వచ్చాడు. మామకు పళ్లు గిట్టవని ఎవరో చెప్పారట, ఉత్తచేతులతో వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మామగారు ఆ పూడిపోయిన గొంతుతోనే అడిగారు.

"ఏరా, ఆపిల్ కాయలు తేలేదేంది? మా కోడలుపిల్ల పచ్చడి ఎట్టా చేసుద్ది?"

గుమ్మంలో ఉన్న నేను బయటికి చూశాను. ఎర్రటి తొక్కలు తేలే ఆ కుడితితొట్టి ఆయన మంచానికి ఎదురుగానే ఉందని అప్పుడుగానీ తట్టలేదు. అన్నీ తెలిసే, తనకు చావును గుర్తుచేసే పండును, నా కష్టం వృథా పోకూడదని అంత నొప్పితోనూ మింగారాయన. ఆ తర్వాత ఎన్నాళ్లో లేరు.

ఇప్పుడు ఆపిళ్లు ఏడాది పొడుగునా బండ్ల మీద ఉంటున్నాయి, పిల్లలు సగం కొరికి పారేస్తున్నారు. జబ్బుపడ్డవాళ్లను ఆసుపత్రిలో అద్దం ఇవతలి నుంచి చూసి వచ్చేస్తున్నాం, వాళ్లకు తిండి గొట్టంలో పోతోంది. ఎవరూ ఎవరినీ బతిమాలి తినిపించే పని లేదు. అది మంచికేనేమో, నాకు తెలియదు. నా వంతు వచ్చిననాడు, పెట్టేవాళ్ల ముఖం చూసి నోరు తెరిచే మనసు నాకుంటుందా అన్నదే నా దిగులు.