కొండచిలువ పిల్లకు తినిపించబోయిన రోజు

నాగులచవితి, శుక్రవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి గట్టిగా చెప్పగలను. సరిగ్గా అప్పుడే కొండచిలువ పిల్ల నా బొటనవేలు కరిచింది.

భయపడాల్సిందేమీ లేదు. కొండచిలువకు విషం ఉండదు, అదీ రెండడుగులు కూడా లేని పిల్ల. అసలు కరిచిందనడం కన్నా గురి తప్పిందనడం న్యాయం. దానికి కావలసింది నా చేతిలో పట్టకారు చివర వేలాడుతున్న ఎలుక. దొరికింది నా వేలు.

అది సింగపూర్‌లో మా అమ్మాయి పరిశోధన చేసే యూనివర్సిటీలో పాముల గది. ఆ దేశంలో ఇంట్లో పాముని పెంచుకుంటే నేరం. అలాంటి గదుల్లో మాత్రం అనుమతి తీసుకుని ఉంచుతారు. వానలకు ఏదో కాలువలో దొరికిన రెండు కొండచిలువ పిల్లల్ని ఎవరో తెచ్చి అక్కడ అప్పగించారు. బడిపిల్లలు వచ్చినప్పుడు చూపించడానికి పెంచుదామనుకున్నారు. పెంచాలంటే ముందు అవి తినాలి. తిండి చూపిస్తే మీదికి దూకడం దూకుతాయి, కానీ గాజుకు కొట్టుకుంటాయి, పట్టకారు కొరుకుతాయి, ఎలుక తోకకు తగిలి వదిలేస్తాయి. ఎన్నిసార్లు పెట్టినా ఇదే వరస. చివరికి ప్రొఫెసరు గొట్టంతో గొంతులోకి ఎక్కించమన్నాడు. ఎక్కిస్తుండగా ఒకటి మా అమ్మాయి చేతుల్లోనే చచ్చిపోయింది. ఆ రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, లేచి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ తనకు తిండి సయించడం లేదు. మిగిలిన పాముపిల్ల సోమవారంలోగా తనంతట తాను తినకపోతే దానికీ గొట్టమేనని ప్రొఫెసరు చెప్పాడు.

అప్పట్లో కంప్యూటర్ చదివిన మన పిల్లలు విమానాల నిండా వచ్చి సింగపూర్‌లో దిగుతున్నారు. టాంపినీస్‌లో ఎవరింట్లో వ్రతం జరిగినా మాటలన్నీ ప్రాజెక్టుల గురించే. ఒకావిడ పులిహోర వడ్డిస్తూ నన్నడిగింది.

"మీ అమ్మాయి ఏ బ్యాంకు ప్రాజెక్టులో ఉందాంటీ?"

"పాముల్లో."

"అది కొత్త కంపెనీయా అండీ?"

"కంపెనీ కాదమ్మా. పాములు. పాకేవి."

ఆవిడ గరిటెడు పులిహోర వేసేసి పక్క ఆకు దగ్గరికి జరిగింది. నాకు సిగ్గేమీ వెయ్యలేదు. మా అమ్మాయి పని మా అమ్మాయిది.

ఇక చవితి సంగతి. పుట్టలో పాలు పొయ్యాలి. బుకిట్ పంజాంగ్‌లో పదో అంతస్తు ఫ్లాటుకు పుట్ట ఎక్కడి నుంచి తేను? పొద్దున్నే పటానికి పసుపు కుంకుమ పెట్టి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టాను. మనసు నిండలేదు.

"నీ దగ్గర బతికున్న నాగేంద్రుడుంటే నేను కాగితానికి మొక్కడమేందే? నేనూ వస్తా" అన్నాను.

"రా. పాలు మాత్రం తేవాకు. పాములు పాలు తాగవమ్మా."

"తాగవని నాకూ తెలుసు. అది తాగాలని పోస్తామా? మనం పొయ్యాలని పోస్తాం."

"అక్కడ పోస్తే నా ఉద్యోగం పోద్ది."

పాల సీసా, కాస్త చలిమిడి సంచిలో పెట్టుకునే వెళ్లాను. పొయ్యనని మాటిచ్చాను, ఆ మాట నిలబెట్టుకున్నాను.

గదిలో చిన్న చిన్న గాజుపెట్టెలు, వాటి మీద ఇంగ్లీషు చీటీలు. నేను తెలుగు అక్షరాలే యాభై దాటాక దిద్దుకున్నదాన్ని, ఇంగ్లీషు నాకు ఒట్టి గీతలు. కొండచిలువ పిల్ల పెట్టె మీద ఏం రాశారని అడిగితే "చెయ్యి దూరంగా పెట్టమని" అంది మా అమ్మాయి.

ఆ గదిని కనిపెట్టుకుని ఉండే మనిషి ఒక మలయ్ ఆయన. కాస్త అటూ ఇటూగా నా వయసువాడే. అది రంజాన్ నెల. ఆయనకు రోజా, నాకు చవితి ఉపవాసం, పాముకు దాని సొంత ఉపవాసం. మా అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆంటీ గాట్ రీజన్, ఐ గాట్ రీజన్. దిస్ వన్ నో రీజన్ లా" అన్నాడు పాము వైపు చూపించి. మా ఇద్దరి ఉపవాసానికీ కారణముంది, దీనికే ఏ కారణమూ లేదని.

మంచుపెట్టెలో దాచిన చచ్చిన ఎలుకపిల్లల్ని వేడినీళ్లలో వేసి కాస్త వెచ్చబెట్టి ఇస్తారు. మొదటిసారి మా అమ్మాయే పెట్టింది. పాము మెడ వంకీలా వెనక్కి ముడుచుకుని దూకింది. ఎలుక పక్కనుంచి పోయి గాజుకు ఠప్పుమని కొట్టుకుంది. రెండోసారీ అంతే. మా అమ్మాయి మూడోసారి పట్టకారు ఎత్తి, మళ్లీ దించేసింది. అది చూసి నేను ఊరుకోలేకపోయాను.

"ఇటివ్వు. నీకు తినిపించిన చెయ్యే ఇది" అని పట్టకారు తీసుకున్నాను.

మారాం చేసే పిల్లల చేత తినిపించడంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. ఎలుకను తిన్నగా దాని మూతి దగ్గరికి తీసుకెళ్లాను. పెదవికి తాకించాను. "ఇది కాకి ముద్ద, ఇది పిచ్చిక ముద్ద, ఆఁ అను" అన్నాను. వినాయకుడి వాహనాన్ని ఇలా ముద్దగా పెడుతున్నందుకు లోపల ఆయనకూ ఒక మాట చెప్పుకున్నాను. పాము వెనక్కి జరిగింది. నేను ముందుకు జరిపాను.

"మొహం మీద పెట్టకమ్మా, భయపడుద్ది" అంటోంది మా అమ్మాయి.

"పెట్టకపోతే ఎట్టా తింటది?"

అదిగో, అప్పుడే వేలు పోయింది. పట్టుకున్నదాన్ని చూసుకుని, ఇది కాదనుకుందేమో, దానంతట అదే వదిలేసింది. సూదులు గుచ్చినట్టు రక్తం చుక్కలు. మలయ్ ఆయన మందుల డబ్బా తెచ్చాడు. మా అమ్మాయి వేలు కడిగి ప్లాస్టరు వేస్తూ చెప్పింది.

"దాని పెదాల మీద గుంటలుంటాయి. వాటితో వేడి కనిపెడుద్ది. నువ్వు కాకి ముద్దలు, పిచ్చిక ముద్దలు చెప్పేలోపు ఎలుక చల్లారిపోయింది. నీ చెయ్యి వెచ్చగుంది."

"అయితే తప్పు దానిది కాదు."

"కాదు. నీదే."

నేను కుర్చీలో కూలబడి ఇంట్లో ఎప్పుడూ పారే ఎత్తు వేశాను. "అది తినేదాకా నేనూ మంచినీళ్లు ముట్టను."

"పాముని బెదిరిస్తున్నావా?"

"దేవుడికి చెప్పుకుంటున్నా. మధ్యలో నువ్వెందుకు?"

"నా మీద నడిచిందని దాని మీద కూడా నడుస్తదనుకున్నావా? పొద్దున షుగరు మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"ఏం తినకుండానా?"

"చవితి గదా" అన్నాను. అప్పటికే ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. పాము కరిచిన కంగారనుకున్నాను.

మా అమ్మాయి నా వంక చూసింది, గాజుపెట్టె వంక చూసింది. వేడినీళ్లలో ఇంకో ఎలుక ఉంది. దాన్ని తుడిచి, వెచ్చవెచ్చగా తీసుకెళ్లి, పాము నక్కే డబ్బా ముందు చెక్కముక్క మీద పెట్టింది. పెట్టె మీద గుడ్డ కప్పింది. లైటు ఆర్పేసింది.

"పద."

"అది తినకుండానా?"

"ఈ రోజు ఎవరో ఒకరు తినాలి గదా. నువ్వు పడిపోతే నేను మొయ్యలేను."

మలయ్ ఆయన కూడా శుక్రవారం నమాజుకు బయల్దేరే వేళయింది. తలుపు తాళం వేసి ఆయన అటు, మేం ఇటు.

క్యాంటీన్‌లో సంచిలోంచి నా పాల సీసానే తీసి, పంచదార కలిపి నా చేత తాగించింది. తర్వాత చలిమిడి పెట్టింది. వణుకు తగ్గింది. నేను తింటుంటే చెప్పింది, ఎవరూ చూడకుండా అలా వదిలేస్తే తినొచ్చని తనకు ముందు నుంచీ తెలుసట.

"మరి వదల్లేదేం?"

"నేను లేనప్పుడు ఇది కూడా పోతే? అందుకని కదల్లేకపోయా."

తన కోసం ఒక పళ్లెం అన్నం తెప్పించాను. "నువ్వు తిను" అన్నాను.

"నువ్వు అట్టా చూస్తా కూచుంటే ఎట్టా తినను?"

అటు తిరిగి కూర్చున్నాను. వెనక చెంచా చప్పుడు చాలాసేపు వినిపించింది. పూర్తిగా చూడలేదని చెప్పను, ఎదుటి అద్దాల తలుపులో కొంచెం కనపడింది. పళ్లెంలో మెతుకు మిగల్లేదు.

నమాజు నుంచి ఆయన వచ్చాక ముగ్గురం గదిలోకి వెళ్లాం. లైటు వెయ్యలేదు. మా అమ్మాయి గుడ్డ అంచు ఒకింత పైకెత్తింది. చెక్క మీద ఎలుక లేదు. పాము నోట్లోంచి రెండు వెనక కాళ్లు, తోక బయటికి ఉన్నాయి. తల వైపు నుంచి పట్టి, పద్ధతిగా మింగుతోంది. గురి ఎలా కుదిరిందో, ఏ నిమిషంలో కుదిరిందో మాలో ఎవరం చూడలేదు. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మకాన్" అన్నాడు మలయ్ ఆయన, తింటోందని, గుసగుసగా.

కాళ్లు లోపలికి పోయాయి. తోక పోయింది. పాము ఒకసారి దవడలు సర్దుకుంది.

"సోమవారం గొట్టం లేదు" అంది మా అమ్మాయి.

"దండం పెట్టుకోనా?"

"పెట్టుకో. మాట్లాడకుండా."

పెట్టుకున్నాను. తర్వాత కూడా అది ఒక్కోసారి గురి తప్పేదట, కానీ ఎలుకను వదిలేసి వస్తే తినేదట. గొట్టం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది వేలికి ప్లాస్టరుతో నేను, కడుపు నిండిన నా కూతురు, సాయంత్రందాకా ఏమీ ముట్టకుండానే నవ్వుతూ నిలబడ్డ మలయ్ ఆయన, కొండచిలువ పిల్ల, దాని లోపల ఎలుక.